తొట్టెల నాడు నేనెందుకు రాలేదంటే

సూరత్, లింబాయత్
ఆదివారం

ప్రియమైన జమునకు,

నీ పెనిమిటి రాజనర్సు ప్రేమతో రాస్తున్నది. అక్కడ నువ్వు, అత్తమ్మ నర్సవ్వ, మన బిడ్డ సంధ్యారాణి, నేనింకా ఎత్తుకోని నా మనుమరాలు అందరూ చల్లగా ఉన్నారని నమ్ముతున్నాను. ఇక్కడ నేనూ బాగున్నానని రాయాలి కదా, రాశాను. ఎంతవరకు బాగున్నానో చదువుతూ పోతే నీకే తెలుస్తుంది.

మన పక్క గల్లీ వినోద్ ఊరి నుంచి వస్తూ నీ ఉత్తరం, తొక్కు సీసా తెచ్చి ఇచ్చాడు. "ఫోన్లుండంగ గీ ఉత్తరాలేందే?" అని నవ్వాడు. నువ్వు రాసిందే నిజం. ఆ ఇంట్లో ఫోన్ పట్టుకుంటే చుట్టూ పదిమంది చెవులు పెడతారు. మొగుణ్ణి కోపం తీరా తిట్టుకునే వీలు కూడా ఉండదు. అందుకే నేనూ కాగితం మీదనే జవాబు ఇస్తున్నాను. దీన్ని నువ్వొక్కదానివే చదువు. సంధ్య పచ్చి బాలింత. దానికి తర్వాత నెమ్మదిగా చెప్పుకుందాం.

నువ్వు చాలా అడిగావు. సులువైన వాటికి ముందు చెబుతాను. కార్ఖానా మామూలే. పొద్దున షేర్ ఆటోలో ఖటోదరా పోతున్నాను, పొద్దుగూకినాక వస్తున్నాను. సేఠ్ బట్ట నేసే పాత సాంచలు అమ్మేసి నీళ్ళతో నడిచే కొత్తవి పెడతాడని అనుకుంటున్నారు. ఒక్క మనిషి పన్నెండు సాంచలు చూసుకోవాలట. అప్పుడు మాలో ఎందరు మిగులుతారో తెలియదు. ఆ మాట పుట్టినప్పటి నుంచి అందరి మొహాలూ వాడిపోయాయి. పక్కింటి ఒడియా ఆమె నువ్వెప్పుడొస్తావని రోజూ అడుగుతోంది. వంట నేనే చేసుకుంటున్నాను. ఈ మధ్య జావ, మెత్తటి అన్నం, అంతే. అత్తమ్మ పంపిన మామిడికాయ తొక్కు ఇంకా మూత తీయలేదు. ఆమె మీద కోపం కాదని చెప్పు. వద్దులే, ఏమీ చెప్పకు.

పొద్దుపోక అత్తమ్మ పక్కన కూర్చుని మళ్ళీ బీడీలు చేస్తున్నానని రాశావు. ఇరవై ఏళ్ళయినా చెయ్యి మరిచిపోలేదని సంబరంగా రాశావు. ఆ మాట రెండుసార్లు చదువుకున్నాను. నేను నిన్ను ఏమీ అనడం లేదు. ఆ పని చేసే అత్తమ్మ నిన్ను పెంచింది, మా అమ్మ నన్ను పెంచింది. ఒక్కటే అడుగుతాను. తంబాకు చాట పసిదాని తొట్టెల ఉన్న అర్రలోకి తేవద్దు. చేతులు బాగా కడుక్కున్నాకే ఎత్తుకో. ఇంతకుముందు ఇలాంటి మాట నా నోట ఎప్పుడూ రాలేదని నీకు అనుమానం వస్తుంది. రావాలి కూడా.

ఇక నువ్వు గీత గీసి మరీ అడిగిన ప్రశ్న: "నా మీద ఒట్టు పెట్టి చెప్పు, బీడీ నిజంగ బంద్ జేసినవా?"

దీనికి ఒక్క ముక్కలో జవాబు లేదు జమునా. జరిగింది జరిగినట్టు చెబుతాను.

సినిమా హాల్లో బొమ్మకు ముందు పొగాకు ప్రకటన వస్తే నువ్వు నన్ను మోచేత్తో పొడిచేదానివి. "గిసొంటివి ఎన్ని జూపెట్టినా నేను గింతే" అని నేను నవ్వేవాణ్ణి. కట్ట మీద ఉండే ఆ భయం బొమ్మ సంగతీ అంతే. కొనగానే కాగితం చింపి పారేసి, బీడీలు జేబులో పోసుకునేవాణ్ణి. చూడకపోతే లేనట్టేనని నా లెక్క. ఇప్పుడు ఆలోచిస్తే, చూసి ఓర్చుకోలేకనే కదా చింపింది! ఎక్కడో గుచ్చుతూనే ఉండేది. నేనే ఒప్పుకోలేదు.

నువ్వు ఊరికి పోయిన నెలకు, ఒక సెలవు రోజు సాయంత్రం మన గల్లీ మొదట్లోకి ఆరోగ్యం వాళ్ళ బండి వచ్చింది. దాని వెనుక తెర కట్టి చిన్న సినిమా వేస్తున్నారు. నేను చాయ్ తాగి, బీడీ ముట్టించుకుని, ఊరికే నిలబడ్డాను. ముందు హిందీలో ఏదో చెప్పారు. తర్వాత ఒక మనిషి వచ్చాడు. మెడకు తెల్లగుడ్డ. గుడ్డ పక్కకు జరిపి, గొంతు కింద ఉన్న రంధ్రాన్ని వేలితో మూసి మాట్లాడటం మొదలుపెట్టాడు. రేకు మీద గీరినట్టు ఉంది ఆ గొంతు. జనంలో ఎవరో నవ్వారు కూడా. కానీ ఆ వచ్చిన మాట తెలుగు, జమునా. మన తెలుగు.

"నా పేరు కమలాకర్. సూరత్‌ల పదారేండ్లు సాంచలు నడిపిన. నేనూ నా దోస్తూ ఒక్క పుల్లతోని రెండు బీడీలు ముట్టిచ్చుకుంటుంటిమి. నా బిడ్డ నా పాత గొంతును ఫోన్‌ల దాసుకున్నది. అప్పుడప్పుడు పెట్టుకొని ఇంటది. నేను పక్కన్నే ఉంట, అయినా గా ఫోన్‌ల గొంతునే ఇంటది."

అది మన కమలాకరే. నా పక్క సాంచ మీద తొమ్మిదేళ్ళు పనిచేసిన కమలాకర్. మన సంధ్య పెండ్లిలో రాత్రంతా వడ్డించిన కమలాకర్. గొంతు బాగాలేదని పని మానేశాడు. ఊరికి పోయి ఉంటాడని అనుకున్నాను. అనుకున్నానే కానీ రెండేళ్ళలో ఒక్కసారి కూడా ఎక్కడున్నాడని అడగలేదు. ఆ పుల్ల గీసిన దోస్తును నేనే కదా. నా చేతిలో బీడీ ఇంకా కాలుతూనే ఉంది. వేలు కాలేదాకా సోయి లేదు.

అప్పటికప్పుడు జేబులో ఉన్నవన్నీ మోరీలో పారేసి నీకు ఫోన్ చేశాను. "జమునా, ఇయ్యాల్టి నుంచి బీడీ బంద్" అన్నాను. నువ్వు నమ్మలేదు, తర్వాత ఏడ్చావు. ఆ మాట చెప్పినప్పుడు అబద్ధం కాదు. మర్నాడు పది గంటలకు అబద్ధమైంది. పోగు తెగి సాంచ ఆగింది. అతుకు పెడదామంటే చేతులు వణికాయి, తల పగిలిపోతున్నట్టుంది. పక్కవాణ్ణి అడిగి ఒకటి తాగాను. సాయంత్రానికి కట్ట కొన్నాను. పదకొండు రోజులు నీకు ఫోన్‌లో "తాగుత లేను" అని చెబుతూనే తాగాను. నువ్వు సంతోషంగా అత్తమ్మకు చెబుతుంటే ఇవతల నేను వింటూ ఉండేవాణ్ణి. ఆ పదకొండు రోజులూ తిన్నది ఒంటికి పట్టలేదు.

ఆ బండివాళ్ళు మా కార్ఖానా గేటు దగ్గర ఒక కాగితం అంటించి పోయారు. అందులోనూ కమలాకర్ ఫోటోనే, కింద ఫోన్ నంబర్. మానాలనుకునేవాళ్ళు చేస్తే పైసా ఖర్చు లేకుండా మాట్లాడతారట. పొద్దున లోపలికి పోతుంటే వాడు నన్ను చూస్తున్నట్టు, సాయంత్రం బయటికి వస్తుంటే కూడా చూస్తున్నట్టు. పన్నెండో రోజు మధ్యాహ్నం తిండి గంటలో గోడ వెనక్కి పోయి ఆ నంబరుకు చేశాను. హిందీలో ఏం చెప్పాలా అని తడబడుతుంటే అవతలామె "తెలుగా అండీ? అయితే తెలుగులోనే చెప్పండి" అంది. పేరు మధులత. ఆంధ్ర వైపు మాట.

తిడుతుందేమో, పాఠం చెబుతుందేమో అనుకున్నాను. అదేమీ లేదు. "రాజనర్సు గారూ, రోజు మొత్తంలో ఏ వేళకు బాగా గుర్తొస్తుంది?" అని అడిగింది. ఎప్పుడూ ఆలోచించని సంగతి అది. చాయ్ తాగినాక, సాంచ ఆగినప్పుడు, నీ ఫోన్ పెట్టేసినాక అని చెప్పాను. అలా గుంజినప్పుడు కాసేపు ఓపిక పట్టమంది. నీళ్ళు గుటక గుటకగా తాగమంది, జేబులో సోంపు పెట్టుకోమంది, నిలబడ్డ చోటు మార్చమంది. "కొద్ది నిమిషాల్లో ఆ గుంజుడు తగ్గుతుంది, తగ్గదని మీకు అనిపిస్తుంది అంతే" అంది. తర్వాత, "ఇంట్లో ఎవరికి చెప్పారు?" అని అడిగింది.

"ఇంటామెకు మానేసిన్నని చెప్పినమ్మా. గిప్పుడు మానుతున్నని ఎట్ల చెప్పాలె?" అన్నాను.

ఆమె నవ్వలేదు. "అయితే నిజం చెప్పగలిగే మనిషి ఒక్కరినైనా చూసుకోండి" అంది.

అలాంటి మనిషి నాకు ఒక్కడే కనబడ్డాడు. బండివాళ్ళను అడిగి ఉన్ బస్తీలో కమలాకర్ ఉండే చోటు తెలుసుకున్నాను. సెలవు నాడు పోయాను. ఒక్క గది. ఆలుమగలిద్దరూ నేల మీద చీర పరుచుకుని కూలికి మెరుపు రాళ్ళు అంటిస్తున్నారు. భూదేవి నన్ను చూసి లేచి నిలబడింది కానీ "రా అన్నా" అనడానికి ఆమెకు కొంచెంసేపు పట్టింది. తప్పు నాది. కమలాకర్ మెడ గుడ్డ జరిపి, వేలు పెట్టి, ఒక్కో మాటా తోసుకుంటూ అన్నాడు.

"రెండేండ్లల... ఒక్కసారి రాలే. సినిమాల జూసి... వచ్చినవ్."

నేను వాడి చేతులు పట్టుకుని ఏడ్చాను. నీకు చెప్పడానికి సిగ్గు లేదు. భూదేవి చాయ్ పెట్టింది. సినిమాలో కనబడటం తనకు ఇష్టం లేదని, బిడ్డ పెండ్లి కావాల్సి ఉండగా ఊరందరికీ గొంతు చూపిస్తావా అని తాను పోట్లాడానని చెప్పింది. "గా సినిమోళ్ళను మూడుసార్లు తిప్పి పంపిన అన్నా. నాలుగోసారి ఈయనే ఒప్పుకున్నడు. నాతోని పని జేసినోళ్ళు ఇంక తాగుతనే ఉన్నరు, నా మాట ఇంటరు అన్నడు."

ఎన్ని రోజులైంది మానేసి అని కమలాకర్ అడిగాడు. నిన్ననే ఒకటి తాగానన్నాను. వాడు కోపపడలేదు. మానడానికి తనకు ఎనిమిదిసార్లు పట్టిందని, అయినా ఆలస్యమైపోయిందని చెప్పాడు. అలా చెబుతూ చెబుతూ నా మొహంలోకి చూసి, "నోరు తెరువు" అన్నాడు. ఎందుకురా అంటే, "తెరువు" అన్నాడు మళ్ళీ. ఫోన్ లైటు వేసి లోపల చూశాడు. చాలాసేపు చూశాడు. భూదేవిని కూడా పిలిచి చూపించాడు. ఎడమ బుగ్గ లోపల తెల్లటి మచ్చ ఉందని, ఎన్నాళ్ళ నుంచి అని అడిగాడు.

ఇదీ జమునా, నీ దగ్గర దాచింది.

ఆ మచ్చ ఉందని నాకు ముందే తెలుసు. నువ్వు ఊరికి పోకముందే తెలుసు. కారం తగిలితే మండేది. సున్నం తగిలిందేమో, పల్లు గీరుకుందేమో అని నాకు నేనే చెప్పుకున్నాను. కాన్పుకు సాయం పోతున్న నీకు చెబితే నువ్వు కదలవని భయం. ఆ తర్వాత నాకే దాన్ని అద్దంలో చూసుకోవాలంటే భయం. కట్ట మీది బొమ్మను చింపినట్టు దీన్ని చింపలేను కదా.

మర్నాడే కమలాకర్ నన్ను సర్కారు దవాఖానకు తోలుకుపోయాడు. వాడు నడుస్తుంటే ఆయాసం, అయినా చీటీ లైన్‌లో నాతోపాటు నిలబడ్డాడు. లోపల డాక్టరమ్మ చూసింది. ముక్క తీసి పరీక్షకు పంపాలంది. తారీకు ఇచ్చింది. ఆ తారీకు చూశాను. తొట్టెల ఫంక్షన్ నాడే. వేరే రోజు ఇయ్యమని అడుగుదామని లేచాను. కమలాకర్ నా అంగీ పట్టుకుని గుంజి కూర్చోబెట్టాడు.

"నేనూ గిట్లనే... తారీకు మార్పిచ్చుకున్న. ఆర్నెల్లు... మళ్ళ పోలే."

అందుకే రాలేదు. సేఠ్ సెలవు ఇయ్యలేదని నీకు చెప్పింది అబద్ధం. ఆయనను నేను అడగనే లేదు. నువ్వు ఉత్తరంలో రాశావు చూడు, "మనుమరాలిని తొట్టెలల ఎయ్యనీకె రాని తాతను నేనేడ జూడలే, వియ్యపురాలి ముంగట తలెత్తుకోలేకపోయిన" అని. ఆ పూట అక్కడ మీరు పాప పేరు పిలుస్తుంటే ఇక్కడ నా బుగ్గ లోపల కుట్లు వేస్తున్నారు. సాయంత్రం నువ్వు వీడియో కాల్ చేశావు. నోరు ఉబ్బి పక్కకు పోయింది, మాట రాదు. ఫోన్ మోగుతుంటే చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఆరుసార్లు చేశావు. పాపకు ఏం పేరు పెట్టారో కూడా నాలుగు రోజుల తర్వాత వినోద్ చెబితే తెలిసింది.

రిపోర్టు మొన్న గురువారం వచ్చింది. ఇది ముందే రాయాల్సింది, నిన్ను ఇంతసేపు భయపెట్టాను. క్యాన్సర్ కాదు. కాదని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. కానీ అది అటువైపు మారే మచ్చ అంది. ఇప్పుడు బీడీ మానితే తగ్గిపోవడానికే ఎక్కువ అవకాశం ఉందట, తాగితే మాత్రం ఎటు పోతుందో ఆమె చెప్పలేనంది. మూడు నెలలకొకసారి వచ్చి చూపించుకోవాలి. మంచి మాటే కదా? బయటికి వచ్చి కమలాకర్‌కు చెబితే వాడు నా వీపు మీద గట్టిగా చరిచాడు. నాకే ఎందుకో నిమ్మళం లేదు. పొద్దున లేవగానే నాలుకతో ఆ చోటును తడుముకుంటున్నాను. పెరిగిందేమో అనిపిస్తుంది, తగ్గిందేమో అనిపిస్తుంది. పనిలో ఉంటే కూడా అదే.

ఇప్పుడు నీ ప్రశ్నకు జవాబు. కమలాకర్ నా నోరు చూసిన రోజు నుంచి బీడీ ముట్టలేదు. ఇయ్యాల్టికి ముప్పై ఐదు రోజులు. కావాలంటే ఒట్టు నా మీద పెట్టుకుంటాను, నీ మీద పెట్టను. మధులత గారు వారానికోసారి ఫోన్ చేసి అడుగుతోంది. మా కార్ఖానాలో ఇంకో ఇద్దరు ఆ నంబరు రాసుకున్నారు. ఒకతను వారంలోనే మళ్ళీ మొదలుపెట్టాడు. ఇంకొకతను ఇంకా పట్టుకుని ఉన్నాడు.

ముప్పై ఐదు రోజులైంది కదా, ఇక గెలిచానని అనుకోకు. ఇయ్యాల పొద్దున చాయ్ దుకాణం దగ్గర కొత్త సాంచల ముచ్చట మళ్ళీ వచ్చింది. ఎవరెవరిని తీసేస్తారో పేర్లు చెప్పుకుంటున్నారు. అందులో నా పేరు కూడా ఉందట. నాకు తెలియకుండానే పక్కవాడి బీడీ వైపు చెయ్యి చాపాను. వాడు ఇచ్చాడు కూడా. పెదవుల దాకా వచ్చింది. వెంటనే వాడికే తిరిగి ఇచ్చేసి ఇంటికి వచ్చాను. మధులత గారికి చేస్తే, ఆదివారం కదా, ఎత్తలేదు. కమలాకర్ ఫోన్‌లో మాట్లాడలేడు. నీళ్ళు తాగాను, సోంపు నమిలాను, గదిలో అటూ ఇటూ తిరిగాను. దేనికీ ఆ గుంజుడు ఆగలేదు. నిజం చెప్పగలిగే మనిషిని చూసుకోమని ఆమె అంది కదా, అప్పుడు కాగితం తీసి నీకు రాయడం మొదలుపెట్టాను. ఇప్పటికి నాలుగు పేజీలైంది.

అత్తమ్మకు నా మచ్చ సంగతి చెప్పకు. తన చేతులతో చేసినవే అల్లుడికి ఎసరు పెట్టాయని కుమిలిపోతుంది. పింఛన్ వయసు వచ్చింది కదా, ఇక చాట పక్కన పెట్టమని మెల్లగా నచ్చజెప్పు. నువ్వు కూడా పెట్టెయ్యి. కోపం ఉంటే ఉత్తరంలోనే తిట్టు, ఎన్ని పేజీలైనా చదువుతాను. అబద్ధం చెప్పినందుకు తిట్టు. మచ్చ దాచినందుకు ఇంకా ఎక్కువ తిట్టు.

మళ్ళీ చూపించుకునే తారీకు వచ్చే నెల పద్నాలుగు. లెక్కకు మూడు నెలలదాకా రానవసరం లేదు కానీ కుట్ల చోటు ఎలా మానిందో చూడాలని డాక్టరమ్మ తొందరగానే పెట్టింది. మొన్న ఆమె "ఘర్ మే కౌన్ హై?" అని అడిగింది. ఇంట్లో ఎవరున్నారు అని. ఎవరూ లేరన్నాను. కమలాకర్ వస్తానన్నాడు కానీ వాడిని ఇంకా ఎంత తిప్పను? సంధ్యకు అప్పటికి మూడో నెల వస్తుంది, వాళ్ళ అత్తమ్మ నాలుగు రోజులు చూసుకోదా? ఇరవై ఆరేళ్ళలో నిన్ను తోడు రమ్మని నేను ఎప్పుడూ అడగలేదు. సూరత్‌కు మొదటిసారి వచ్చినప్పుడు కూడా ఒక్కడినే రైలెక్కాను. ఇప్పుడు మాత్రం ఆ బల్ల మీద కూర్చుని నోరు తెరవాలంటే ఒక్కడినే పోలేను జమునా. చాలా భయమవుతున్నది. పదమూడుకల్లా రా.

ఇట్లు,
నీ రాక కోసం చూస్తున్న
నీ పెనిమిటి
రాజనర్సు